ఎర్రబడ్డ తోటలు: అరకు లోయ పుష్యమాసపు కబుర్లు

తెల్లారి తలుపు తీస్తే ఎదురిల్లు లేదు. దాని వెనక కోడి కూస్తోంది, ఎవరో దగ్గుతున్నారు, పొయ్యిలో పుల్లలు రాజేసిన వాసన వస్తోంది. ఇల్లు మాత్రం మంచులో కలిసిపోయింది. తొమ్మిదైతే గాని మళ్లీ కంటపడదు. మార్గశిరం వెళ్లి పుష్యం వచ్చాక అరకు లోయలో ప్రతి పొద్దూ ఇంతే.

విశాఖ నుంచీ హైదరాబాదు నుంచీ వచ్చేవాళ్లు బస్సు దిగగానే చలి ఎంతుందని అడుగుతారు. మేం ఒకళ్లనొకళ్లం అడుక్కునేది వేరు. సంతలో ఎదురైనా, బోరింగు దగ్గర బిందెతో నిలబడ్డా ఒకటే మాట: "పళ్లు ఎంతవరకు వచ్చాయి?" ఈ నెల కబుర్లన్నీ ఆ ఎర్ర పండు చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. చదువులకనీ ఉద్యోగాలకనీ లోయ దిగి వెళ్లిన మన పిల్లలు కూడా ముందు తెలుసుకోవాలనుకునేది అదే.

మా తోటలో రెండో కోత నడుస్తోంది. కాఫీ చెట్టుకి తొందర లేదు. ఒకే కొమ్మ మీద, ఒకే గుత్తిలో ఒక కాయ పచ్చగా ఉంటుంది, పక్కది పసుపుకి తిరుగుతుంది, ఇంకోటి ముదురెరుపై మెరుస్తుంది. గుత్తి మొత్తం ఒక్క పట్టున దూసేస్తే పని తొందరగానే అవుతుంది, కానీ పచ్చికాయ గింజ కలిస్తే కాఫీ వగరెక్కుతుంది. అందుకని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక్కో చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లాల్సిందే. మా అత్త కోస్తుంటే పక్కన నిలబడి చూడాలనిపిస్తుంది. నడుముకి గోనెసంచి కట్టుకుని, ఎడం చేత్తో కొమ్మను నెమ్మదిగా తన వైపు వంచుకుంటుంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ పండు మీద పెట్టి కొంచెం మెలితిప్పుతుంది. పండు అరచేతిలోకి రాలుతుంది, పక్కనున్న పచ్చికాయ కదలదు. అయిదారు పళ్లు చేతిలో నిండాక సంచిలో వేస్తుంది. ఆకుల మీది మంచు మోచేతుల దాకా కారుతూనే ఉంటుంది. ఎర్రచీమలు గూడు కట్టిన చెట్టయితే కొమ్మను రెండుసార్లు తట్టి, కాసేపు పక్క చెట్టు చూసుకుని మళ్లీ వస్తుంది. ఆవిడకి డెబ్భై దాటాయి. పచ్చికాయ ఒక్కటి సంచిలో పడ్డా ఏరి పక్కన పెట్టేవరకు ఊరుకోదు.

పండుని వేళ్ల మధ్య నొక్కితే రెండు గింజలు జారి బయటికొస్తాయి. వాటి మీద జిగటగా, తియ్యగా ఒక పొర ఉంటుంది. పిల్లలు దాన్ని చప్పరించి గింజ ఊసేస్తారు. పెద్దవాళ్లకి ఆ జిగటే పెద్ద పని. కోసిన పళ్లు కోసిన రోజే మరలో వేసి తొక్క తీయాలి, గింజల్ని తొట్టిలో పోసి జిగట విడేదాకా ఉంచాలి, గెడ్డ నీళ్లతో గరగరమనేట్టు కడగాలి, తర్వాత వారం పది రోజులు ఎండబెట్టాలి. అలా ఎండింది పార్చిమెంటు. మధ్యాహ్నం మా వీధిలో నడిచి వస్తే ప్రతి అరుగు ముందూ పరదాల మీద తేనెరంగు గింజలు పరిచి కనబడతాయి. సాయంత్రం నాలుగు దాటితే ఇంటిల్లిపాదీ పరిగెత్తి కుప్ప చేసి కప్పుతారు. మంచు పడి గింజ మళ్లీ చెమ్మగిల్లితే పడ్డ కష్టమంతా ముక్క వాసనకి పోతుంది.

ఈ ఏడు కోతకి ముందు అందరి గుండెల్లోనూ ఒక భయం దూరింది. 2025 వానాకాలం చివర్లో మన లోయలోనే, చినలబుడు వైపు తోటల్లో కాయతొలుచు పురుగు కనబడింది. నీలగిరుల్లో గూడలూరు దగ్గర 1990లో మొదటిసారి ఈ దేశంలో బయటపడ్డ పురుగది. ఇన్నేళ్లూ మన కొండలెక్కలేదు. నువ్వుగింజంత కూడా ఉండదు, నల్లగా ఉంటుంది. ఆడపురుగు కాయ బొడ్డు దగ్గర సూదిపోటంత రంధ్రం చేసి లోపలికి దూరి గింజలోనే గుడ్లు పెడుతుంది. బయటి నుంచి చూస్తే పండు ఎర్రగా, నిండుగా బాగానే ఉన్నట్టుంటుంది. అధికారులు గూడెం గూడెం తిరిగారు. పురుగు పట్టిన కాయలు కోయించి నాశనం చేయించారు. పండని పంటను కన్నవాళ్లే కోసి పారబోయడం ఎంత కష్టమో చేసిన చేతులకే తెలుసు. వాళ్లు ఆ పని చేశారు కాబట్టే మిగిలిన తోటలకి కొంత ఊపిరి దొరికింది. ఆ గూడేల వాళ్లకి మనందరం రుణపడి ఉన్నాం.

ఇక మిగిలింది మన వంతు. దయచేసి ఈ నాలుగు మాటలూ ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి. ఆఖరి కోత అయ్యాక చెట్టు మీద ఒక్క కాయ కూడా వదలొద్దు. ఎండి నల్లబడి కొమ్మకి అతుక్కుపోయినవి, కింద ఆకుల్లో రాలినవి, అన్నీ ఏరాలి. పురుగు వచ్చే వానల దాకా తలదాచుకునేది ఆ కాయల్లోనే. కోసిన పళ్లని నీళ్లలో పోసినప్పుడు తేలినవి పారబోయకుండా మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచి తీయండి. పక్క తోట నుంచి తెచ్చిన పాత గోనెసంచి మన తోటలోకి రానివ్వొద్దు. "రాలిన పిడికెడు కాయలకి కూలి గిట్టుతుందా?" అని మా మరిది అడిగాడు. గిట్టదు. అయినా ఏరాలి. మా తోటలో మేం పరదాలు పరుచుకుని మరీ కోస్తున్నాం, రాలింది రాలినట్టు చేతికి రావాలని.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఈ కొండల్లో కాఫీ ఇప్పుడు పోడు పక్కన అదనంగా వేసుకున్న పంట కాదు. పాడేరు ఏజెన్సీలో తోటలు రెండు లక్షల ఎకరాలు దాటాయి. సిల్వర్ ఓక్ నీడ, దానికి ఎగబాకిన మిరియాల తీగ, కింద కాఫీ. 2019లో మన అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరు మీద కాఫీ దుకాణం తెరిచారు. పిల్ల పెళ్లైనా, ఇంటి మీద రేకులైనా, పై ఊళ్లో చదివే గుంటడి హాస్టలు ఖర్చయినా లోయలో "కాఫీ డబ్బులొచ్చాక" అనే మాటతోనే ముడిపడి ఉంటుంది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ మన సరుకు కొంటోంది. స్వచ్ఛంద సంస్థలూ కొంటున్నాయి, దళారులూ వస్తున్నారు. ధర రాసిన బోర్డు చూడకుండా, తూకం ఎదురుగా నిలబడి చూసుకోకుండా సంచి అప్పగించొద్దని మా సంఘం ఆడవాళ్లం ఈసారి గట్టిగా అనుకున్నాం.

సంత కబురు చెప్పాలి. అరకులో శుక్రవారం సంత ఈ నెల కళకళలాడుతోంది. కోత కూలి చేతిలో పడ్డ వారమైతే గాజుల దుకాణం దగ్గర కాలు పెట్టే చోటుండదు. రాజ్‌మా కొత్తగింజ దిగింది. ఎర్రవీ, చారలవీ, తెల్లవీ గుడ్డల మీద కుప్పలు పోసి కూచున్నారు. అల్లం, చిలకడదుంప, పెద్ద చిక్కుడు, సామలు, చోళ్లు అన్నీ ఉన్నాయి. మూడు గంటలు కొండ దిగి నడిచొచ్చిన ఒక అవ్వ నా పక్కనే చిక్కుడుకాయల బుట్ట దించింది. కాయ పట్టుకుని చూస్తుంటే, "కొత్త అయింది, అమ్మకానికి తెచ్చాను" అంది. లోయ బయటివాళ్లకి ఆ మాట వివరించాలేమో. మన ఊళ్లలో కొర్రలైనా, చిక్కుడైనా, మామిడైనా పండిన వెంటనే నోట పెట్టరు, సంతకీ తేరు. ఊరంతా ఒకచోట చేరి కొండదేవతకీ పెద్దలకీ పెట్టుకుని, ఆ పండుగ జరుపుకున్నాకే ముట్టుకుంటారు. కొర్రకొత్త, చిక్కుడుకొత్త, మామిడికొత్త. ఆ అవ్వ మాటలో ఉన్న నిశ్చింత అది. పండుగ అయింది, ఇక ఎవరైనా తినొచ్చు.

వలిసెలు అయిపోవచ్చాయి. నవంబరులో రోడ్డు పొడుగునా పసుపు ఆరబెట్టినట్టున్న చేలు ఇప్పుడు గోధుమరంగుకి తిరిగాయి, గింజ ముదురుతోంది. నా చిన్నప్పుడు చూసినంత వలిసె ఇప్పుడు లేదు. నూనెగింజకి పలికే ధర చూసి చాలామంది వేరే పంటలకి మారారు. ఉన్న చేలల్లోకి ఫొటోల కోసం దిగే జనం మాత్రం ఏటేటా పెరుగుతున్నారు. కొందరు రైతులు చేను గట్టు దగ్గర తాడు కట్టి, మనిషికింతని తీసుకుని లోపలికి వదులుతున్నారు. అది న్యాయమే అని నా అభిప్రాయం. తొక్కిన మొక్క మళ్లీ లేవదు, దాని గింజ పోయినట్టే. చేనులో నిలబడి ఫొటో దిగేవాళ్లకి ఒక విన్నపం. సాళ్ల మధ్య నడవండి, తేనెటీగల్ని విదిలించకండి. ఆ పసుపు వాటి మేత, ఆ నూనె ఒక ఇంటి ఏడాది.

పల్లపు మళ్లలో వరి కోతలు ముగిశాయి. కళ్లాల్లో నూర్పిళ్లు ఒకటి రెండు చోట్ల మిగిలాయి. పసుపు ఉడకబెట్టే పొయ్యిలు పాడేరు వైపు వెలగడం మొదలైందని మా ఆడబిడ్డ కబురు పంపింది.

చలి సంగతికొస్తే, చింతపల్లి వైపు లంబసింగిని ఆ చుట్టుపక్కల పాతవాళ్లు కొర్రబయలు అంటారు. రాత్రి ఆరుబయట ఉండిపోతే తెల్లారేసరికి మనిషి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు. మన లోయ సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది. ఇక్కడ రాత్రి నెగడు లేకుండా గడవదు. నెగడు చుట్టూ కూచుంటే ముఖం కాలుతుంది, వీపు గడ్డకడుతుంది. ముసలివాళ్ల దగ్గర తెల్లవారుజామున మరీ జాగ్రత్తగా ఉండండి. ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులన్నీ బిగించి పడుకోవద్దు, ఆ పొగ మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. పొద్దున్నే ఒక గిన్నెడు వేడి చోడి అంబలి తాగి కోతకి వెళ్లండి.

మాడగడ కొండ మీదా, పాడేరు దగ్గర వంజంగి మీదా మబ్బుల సముద్రం చూడటానికి తెల్లవారుజామున నాలుగింటి నుంచే బళ్లు బారులు తీరుతున్నాయి. నేనూ మొన్న పిల్లల్ని తీసుకుని మాడగడ ఎక్కాను. సూర్యుడు రాకముందు కింద లోయంతా తెల్లటి పాలకుండలా ఉంది. మెల్లగా అందులోంచి ఒక కొండకొన, తర్వాత ఒక తాటిచెట్టు తల, తర్వాత ఎవరింటి పొగో పైకొచ్చాయి. మా చిన్నది చూపుడువేలు చాచి, "మన ఊరు అక్కడుంది, మబ్బు కింద" అంది. పుట్టిన ఊరిని పైనుంచి చూడటం దానికి అదే మొదటిసారి. దిగివస్తుంటే దారి పొడుగునా నీళ్ల సీసాలు, పేపరు కప్పులు. గూడెం యువకులు గోనెసంచులు పట్టుకుని ఏరుతున్నారు. వచ్చేవాళ్లు ఎవరి చెత్త వాళ్లు వెనక్కి తీసుకెళ్తే ఆ గుంటలు ఆ పూట తోటలో ఉంటారు. చాపరాయి దగ్గర కూడా జనం బాగా ఉన్నారు. ఆ బండ మీద నీళ్లు పలచగా పారుతున్నట్టే ఉంటాయి, పాచి మాత్రం సబ్బులా జారుతుంది. పిల్లల చెయ్యి వదలొద్దు.

రైలు కిటకిటలాడుతోంది. కొత్తవలస కిరండూల్ లైను 1960లలో బైలాడీలా ఇనుపరాయిని విశాఖ రేవుకి దించడానికి, ఆ రాయి కొనుక్కునే జపాను సహకారంతో వేసింది. యాభైకి పైగా సొరంగాలు తొలిచి కొండెక్కించారు. ఇనుపరాయి కోసం వేసిన ఆ పట్టాల మీదే ఇవాళ మన అల్లమూ, ఆశ్రమ పాఠశాలల పిల్లలూ, అద్దాల పెట్టెలో కూచుని కొండలు చూసే చుట్టాలూ తిరుగుతున్నారు. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజి మీద అన్నిటికన్నా ఎత్తైనది అదే. ఆ ఎత్తు రాసిన బోర్డు దగ్గర ఇప్పటికీ అందరూ తలలు బయటపెడతారు. బొర్రా గుహలు దాటాక ఒక సొరంగంలోంచి ఇంకో సొరంగంలోకి వెళ్లే ఆ కాస్త వెలుతురులో లోయ కనబడి మాయమవుతుంది. ప్రతి చీకట్లోనూ పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారి కేక పెడతారు. నా చిన్నప్పుడూ పెట్టేవాళ్లం.

పండుగలు వరసగా ఉన్నాయి. క్రైస్తవ గూడేల్లో డిసెంబరు మొదట్లోనే కట్టిన కాగితపు నక్షత్రాలు ఇంకా వేలాడుతున్నాయి. రాత్రిపూట మంచులో ఇల్లు కనబడకపోయినా ఆ ఎర్రదీపం కనబడుతుంది, దారి తెలుస్తుంది. మిగతా ఊళ్లలో పుష్య పండుగకి ఇళ్లు అలుకుతున్నారు. పూస పొరబ్ అని మన ఆదివాసీ ఒడియాలో పిలుచుకునేది ఇదే. పంట ఇంటికొచ్చింది, ధాన్యం గరిసెలో ఉంది, చుట్టాల్ని పిలిచి పెట్టడానికి ఇంతకన్నా మంచి నెల లేదు. ఆడపిల్లలు పుట్టింటికి వస్తున్నారు. థింసా ఉంటుంది.

థింసా గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. రిసార్టుల ముందు సాయంత్రం పూట ఒకే రంగు చీరలు కట్టి ఇరవై నిమిషాలు ఆడేది కూడా థింసాయే. దానివల్ల నాలుగు కుటుంబాలకి ఆసరా దొరుకుతోంది, నాకు సంతోషమే. కానీ ఊరి నడిబొడ్డున రాత్రి పదింటికి మొదలయ్యే థింసా చూడనివాళ్లు దాన్ని చూసినట్టు కాదు. మోరి ఊదేవాడు ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు రాగం పడతాడు. తుడుము, డప్పు, కిరిడి అందుకుంటాయి. ఆడవాళ్లు వెనక నుంచి ఒకరి నడుము ఒకరు పట్టుకుని గొలుసు కడతారు. పదిమందితో మొదలవుతుంది, అరగంటకి ముప్పై అవుతుంది. వంగి కుడికి మూడడుగులు, లేచి ఎడమకి. అడుగు తప్పినవాళ్లని గొలుసే లాక్కుపోతుంది. నెలలు నిండినావిడ గట్టు మీద కూచుని చేత్తో తాళం వేస్తుంది. పదేళ్ల పిల్ల చివర చేరి, తల్లి అడుగు చూసి తన అడుగు వేసుకుంటుంది. నేను నేర్చుకున్నదీ అలా చివర నిలబడే. బోడ థింసా, గుండేరి, కుండ, బాయా అని రకాల పేర్లు చెప్పగలిగినవాళ్లు మా ఊళ్లో ఇద్దరు ముసలమ్మలు మిగిలారు. ఈ పండుగకి వాళ్లిద్దర్నీ కూచోబెట్టి ఒక్కో రకం ఒక్కో రాత్రి ఆడించాలని ఊరి పిల్లలు పట్టుబట్టారు. ఫోనులో తీసి దాచుకుంటారట. మోరి ఊదే మనిషి కూడా ఒక్కడే ఉన్నాడు. వాడి దగ్గర ఇద్దరు గుంటలు కుదిరారని తెలిసి నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు, ఆనందంతో.

ఒక కష్టం కూడా చెప్పాలి. కిందటి వారం మా పై గూడెం నుంచి నొప్పులు పడుతున్న పిల్లని డోలీలో మోసుకొచ్చారు. రెండు కర్రలు, ఒక దుప్పటి, మంచు, టార్చిలైటు. మార్చి మార్చి మోశారు. రోడ్డు తగిలే చోటికి వచ్చేసరికి తెల్లవారుతోంది. మా అరుగు మీద పడుకోబెట్టి వేడినీళ్లు పెట్టాను, బండి వచ్చేదాకా చెయ్యి పట్టుకున్నాను. మగపిల్లాడు, ఇద్దరూ క్షేమం. కానీ ఆ రాత్రి ఆ పిల్ల వేళ్లు నా మణికట్టు మీద వదిలిన గుర్తులు రెండు రోజులు పోలేదు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో అడవితల్లి బాట పేరుతో రోడ్ల పనులు మొదలుపెట్టారు. కొన్ని చోట్ల మట్టి పడింది, కొన్ని చోట్ల కంకర పడింది. మా పై గూడేనికి ఇంకా కాలిబాటే. వానలు రాకముందే ఈ రెండు కిలోమీటర్లు పూర్తి కావాలని సర్పంచి దగ్గరికి అందరం కలిసి వెళ్లాం, మళ్లీ వెళ్తాం. ఈలోగా ఎనిమిదో నెల దాటినవాళ్లు ఎవరున్నా గర్భిణుల వసతి గృహానికి ముందే వచ్చి ఉండండి. "ఇల్లు ఎవరు చూస్తారు, కోత ఎవరు కోస్తారు" అని వెనకాడొద్దు. మీ చెట్లు మేం కోసిపెడతాం. ఈ మాట మా సంఘంలో అందరం అనుకునే రాస్తున్నాను.

రాబోయేవి త్వరత్వరగా చెప్పేస్తాను. సంక్రాంతి సెలవులకి పిల్లలు వస్తారు, దుప్పట్లు ఎండబెట్టుకోండి. మాఘం పడితే పెళ్లిళ్లు. శివరాత్రికి హుకుంపేట మండలం మత్స్యగుండం జాతర. అక్కడి గుండంలో చేపల్ని దేవుళ్లుగా కొలుస్తారు, ఎంత ఆకలైనా ఎవరూ వల వెయ్యరు. మరమరాలు తీసుకెళ్తే చేతిలోంచే తింటాయి. ఫిబ్రవరి, మార్చిల్లో చింతపండు. చైత్రంలో ఇటుకల పండుగ. విత్తనాలకి పూజ చేసి మగవాళ్లు వేటకి వెళ్తారు, ఆడవాళ్లం రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి వచ్చే బండినల్లా ఆపి పండుగ చందా వసూలు చేస్తాం. చందా ఇవ్వంది బండి కదలదు. ఎండాకాలంలో పాడేరు మోదకొండమ్మ. అప్పటికి కాఫీ చెట్లు తెల్లగా పూసి రాలిపోయి ఉంటాయి. మొదటి వాన పడ్డ ఎనిమిది తొమ్మిది రోజులకి తోటంతా మల్లెల వాసన వేస్తుంది. ఆ వారం దూరాన ఉన్నవాళ్లు ఎవరైనా ఊరికి రాగలిగితే రండి.

నాలుగవుతోంది. కొండ నీడ అప్పుడే మా అరుగు మీదికి వచ్చింది. అత్త గింజల కుప్ప దగ్గర నిలబడి పిలుస్తోంది. పరదా రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి.